వెయ్యిన్నొక్క ఏడువందల ఇరవైలు

సారు పోయాడన్న కబురు వచ్చేసరికి నేను బియ్యం ఏరుతున్నాను. ఎదురింటి కోడలు గడపలో నిలబడి, "అత్తా, నిజాంపురా సారు పోయిండట. అందరు పోతున్నరు, నువ్వు వస్తవా?" అని అడిగింది. పనుందన్నాను. చాటలో పిడికెడు బియ్యం కూడా లేవు. ఆ పిల్ల చాట వంక చూసింది, నా మొహం వంక చూసింది, వెళ్ళిపోయింది.

ఆయన పేరు రాయను. భివండీలో మన తెలుగువాళ్ళలో కాస్త వయసు మళ్ళిన వాళ్ళకు సారు అంటే ఆయనే. మిగతా సార్లకు ముందు ఒక పేరు తగిలించాలి, ఈయనకు అక్కర్లేదు. తెలుగు బడిలో లెక్కలు చెప్పాడు. ఈ మగ్గాల మధ్య పెరిగిన పిల్లల్లో ఎవరికైనా ఎక్కాలు నోటికొచ్చాయంటే అది ఈయన చలవే. ఆ మాట కాదనను. పోయిన మనిషి గురించి చెడ్డ చెప్పకూడదని పెద్దలంటారు. ఉన్న మనిషికి చేసిన చెడ్డను ఎక్కడ చెప్పుకోవాలో మాత్రం ఆ పెద్దలు చెప్పలేదు.

మనిషి పొడుగు. చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది, బళ్ళో మిగిలిన సుద్దముక్కలన్నీ అందులోనే వేసుకునేవాడు. శనగగింజంత ముక్కను కూడా పారేసేవాడు కాదు. గోటికీ వేలికీ మధ్య ఇరికించి, అది పూర్తిగా పొడి అయ్యేదాకా రాసేవాడు. ఆయన మీద నాకు మొదట గౌరవం కలిగింది అందుకే. చదువుకున్నవాళ్ళు సగం వాడి సగం పారేయడమే నేను చూశాను.

మా ఆయనకు ఈయన దోస్తు. ఇద్దరూ ఒక ఊరివాళ్ళు, ఒకే బస్సు ఎక్కి ఇక్కడికొచ్చారు. ఒకరు మగ్గం దగ్గర నిలబడ్డారు, ఒకరు నల్లబల్ల దగ్గర. నన్ను వదినె అని పిలిచేవాడు. మా ఆయన పోయాక మిగతా దోస్తులు ఒక్కొక్కరే రావడం మానేశారు. మగవాడు లేని ఇంట్లో కూర్చుని ఏం మాట్లాడాలో వాళ్ళకు తోచలేదేమో. ఈయన మాత్రం ఆదివారం ఆదివారం వచ్చేవాడు. గడప పక్కన స్టూలు వేసుకుని, చాయ సాసర్లో ఒంపుకుని, ఊదుకుంటూ తాగేవాడు. నేను మూడో తరగతి దాటలేదు. నాలుగో తరగతికి పలక కొనమంటే మా అమ్మ కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చోబెట్టింది. అయినా నాతో మాట్లాడేటప్పుడు ఆయన మాటను తేలిక చేసి, పిల్లలకు చెప్పినట్టు చెప్పేవాడు కాదు.

ఆయన జబ్బు సంఖ్యలు. ఎక్కడ ఏ సంఖ్య కనబడినా అది దేనితో విరుగుతుందో చూడాలి. విరగడమంటే ఆయన భాషలో ఏమీ మిగలకుండా సమంగా పంచుకుపోవడం. గ్యాసు బండ మీద, బట్ట మూటల మీద, కరెంటు మీటరు మీద, దేని మీద సంఖ్య ఉన్నా కళ్ళు చిన్నవి చేసుకుని నిలబడిపోయేవాడు. షేర్ ఆటో ఎక్కే ముందు వెనక్కి వెళ్ళి దాని నంబరు చదివేవాడు. లోపల కూర్చున్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. "మాస్టర్, పైలే బైఠో, నంబర్ కిధర్ భాగేగా" అని డ్రైవరు అరిచేవాడు. నంబరు ఎక్కడికీ పారిపోదు, ముందు ఎక్కు అని. సారు ఎక్కి కూర్చుని, "తొమ్మిదితోని విరుగుతది, మంచి బండి" అని పక్కవాడికి చెప్పేవాడు. విరగని నంబరు ఎదురైతే చెవితమ్మె పట్టుకుని లాక్కుంటూ ఉండేవాడు. ఆ కుడి చెవి ఎడమ చెవి కంటే కాస్త పొడుగని మా ఆయన వెక్కిరించేవాడు.

ఒక ఆదివారం సర్వపిండి పెట్టాను. తినకుండా అందులోంచి పల్లీలు ఒక్కొక్కటే గిల్లి తీసి పళ్ళెం అంచున వరసగా పేరుస్తున్నాడు. తిండితో ఆటలేమిటని కోప్పడ్డాను. నవ్వి, "కోపం తర్వాత జెయ్యి వదినె, ముందు ఇటు చూడు" అన్నాడు. పన్నెండు పల్లీలు. మూడు వరసల్లో నాలుగేసి పెట్టాడు. నాలుగు వరసల్లో మూడేసి పెట్టాడు. రెండు వరసల్లో ఆరేసి. ఎలా పెట్టినా వరసలు నిండుగా వచ్చాయి. అప్పుడు ఇంకో పల్లీ తీసి కలిపి, ఇప్పుడు నువ్వు పెట్టు అన్నాడు. నేను చాలాసేపే పెట్టాను. ఎన్ని వరసలు చేసినా ఏదో ఒకటి మిగలడమో, చాలకపోవడమో. లేకపోతే అన్నీ ఒకే గీతలాగా పెట్టాలి.

"గదే. పదమూడు ఎవ్వల మాట వినది" అన్నాడు సంతోషంగా.

అలాంటి మొండి సంఖ్యలు అన్నిటికన్నా ఎక్కువ ఇష్టమనుకుంటాను ఆయనకు. మనుషులను కూడా అలాగే లెక్కగట్టేవాడు. మా ఆయన నలభై ఎనిమిదట, అందరితోనూ కలిసిపోతాడు. నేను తొంభై ఏడట. ఎందుకలా అన్నావని అడిగితే, "ఏడునో పదమూడునో చూడంగనే తెలుస్తది మొండివని. తొంభై ఏడు మెత్తగ కనవడ్తది. దగ్గరికి పోయి పంచబోయినోనికే తెలుస్తది దాని సంగతి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. మరి నువ్వెంత సారూ అని అడిగాను. కాసేపు ఆలోచించి, తాను సున్నా అన్నాడు. తనను ఎవరి పక్కన పెడితే వాళ్ళు పెద్దవాళ్ళవుతారట, తనకు మాత్రం విలువ ఉండదట. ఎంత అణకువ గల మనిషో అనుకున్నాను.

ఆయన కొలువులో ఒక పెద్ద సంఖ్య ఉండేది. ఏడు లక్షల ఇరవై వేల ఏడువందల ఇరవై. ఏటేటా పైతరగతి పిల్లలకు ఒకటే పరీక్ష పెట్టేవాడు. ఒకటి నుంచి పదహారు దాకా ప్రతి అంకెతోనూ విరిగే సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది ఏదో చెప్పాలి. ఒక్కో అంకె నుంచి కావలసినంత ముక్క తీసుకుని, హెచ్చవేసుకుంటూ పోతే నల్లబల్ల నిండిపోయేదట. చివరికి ఆ సంఖ్య తేలేది. నా కొడుకు కూడా తన కాలంలో ఆ లెక్క చేసి, మధ్యలో తప్పి, వీపు మీద ఒకటి తిన్నాడు. మగ్గాలవాళ్ళ పిల్లలకు ఇదెందుకు సార్ అని ఎవరో అడిగితే, మీ ఇళ్ళల్లో పోగులు సమంగా పంచకుండా ఒక్క బట్టన్నా నేయగలరా అన్నాడట. ఏడుగురు వచ్చినా, పదకొండుమంది వచ్చినా, పదహారుమంది వచ్చినా ఎవరికీ ఒక్క పోగు తగ్గకుండా, ఒక్క పోగు మిగలకుండా పంచిపెట్టే సంఖ్య అది. పదిహేడుతో మాత్రం విరగదు, ఐదు మిగులుతుంది. ఎంత పెద్ద దాతకైనా ఒకడు తృప్తిపడనివాడు ఉంటాడని చెప్పి ఆయన నవ్వేవాడు.

ఇక మా మౌనిక సంగతి. నా కొడుకు కూతురు, నన్ను బాపమ్మ అంటుంది. అది బడికెళ్ళే నాటికి తెలుగు బడి ఖాళీ అయిపోయింది, మరాఠీ బడిలో వేశాం. సారు అప్పటికి రిటైరయ్యాడు. ఆదివారం చాయకు వచ్చినప్పుడు స్టూలు పక్కన దీన్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేవాడు. ఇద్దరూ కలిస్తే నన్ను పట్టించుకునేవాళ్ళు కాదు. దాని నోట్లో సగం మరాఠీ అంకెలు, ఆయన నోట్లో తెలుగు అంకెలు. రెండూ ఒకటే లెక్కలో కలిసిపోయేవి. నేను కూర తరుగుతూ వినేదాన్ని.

అది పదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు తండ్రికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి మా కార్ఖానాకు వెళ్ళింది. సందు చివరే మా మగ్గాలు. పోగులకు గంజి పట్టించే సైజింగ్ నుంచి తువ్వాళ్ళ బీములు రెండు వచ్చి గోడకు పక్కపక్కన ఆనించి ఉన్నాయట. బీమంటే పడుగు పోగులన్నీ చుట్టిన పెద్ద దుంగ. ఎన్ని పోగులున్నాయో దాని చివర సుద్దతో రాస్తారు. ఒకదాని మీద 720 అని, రెండోదాని మీదా 720 అని రాసి ఉంది. మగ్గం మీద పుట్టినవాళ్ళెవరైనా రెండు బీములని చదువుతారు. ఇది మాత్రం కలిపి ఒకటే సంఖ్యగా చదివింది. డబ్బా తండ్రికివ్వడం మరిచి, దాంతోనే ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"బాపమ్మా, సారు లెక్క మన కార్ఖానాల గోడకు ఆని ఉన్నది."

తండ్రి ఆకలితో ఉంటాడే, డబ్బా ఇచ్చి రమ్మని కసిరాను. వినలేదు. నన్ను కండెల బుట్ట ముందు కూర్చోబెట్టి చెప్పింది. "ఎడమ దిక్కు ఏడువందల ఇరవై వేలల్ల ఉన్నది. అంటె ఏడువందల ఇరవైలు వెయ్యి ఉన్నయి. కుడి దిక్కు ఇంకొకటి. మొత్తం ఎన్నయినయి?"

"వెయ్యిన్నొకటి" అన్నాను.

"ఆ వెయ్యిన్నొకటి ఏడుతోని విరుగుతది, పదకొండుతోని విరుగుతది, పదమూడుతోని విరుగుతది. తక్కినయన్ని ఏడువందల ఇరవైతోనే అయిపోతయి. పద్నాలుగొక్కటి ఉన్నది గద, దానికి ఏడువందల ఇరవై నుంచి రెండు, వెయ్యిన్నొకటి నుంచి ఏడు వచ్చి సాయం వడ్తయి."

నేను సులభంగా నమ్మే మనిషిని కాను. పలక తెచ్చుకుని ఆ పెద్ద సంఖ్యను పదమూడుతో పంచి చూశాను. చాలాసేపు పట్టింది, చివరికి సున్నా మిగిలింది. అది అంతటితో ఊరుకోక, నీకిష్టమైన మూడంకెల సంఖ్య చెప్పు బాపమ్మా, పక్కపక్కన రెండుసార్లు రాస్తే అది కూడా ఏడుతో విరుగుతుంది చూడు అంది. మూడువందల నలభై ఐదు చెప్పాను. విరిగింది. నాకు వయసు వచ్చిన తర్వాత అలాంటి ఆనందం ఒకటి కలగడం అదే మొదటిసారి. రోజూ చేత్తో ముట్టుకునే పోగుల్లో ఇంత మర్మం ఉందా అనిపించింది. ఆ మర్మం మా పిల్ల కళ్ళకు కనబడ్డందుకు ఇంకా ఎక్కువ.

ఆదివారం సారుకు చెప్పింది. ఆయన సాసర్ కింద పెట్టేశాడు. చెవి పట్టుకున్నాడు. చాయ మీద మీగడ కట్టింది. ఎవరు చెప్పారు నీకని అడిగాడు. ఎవరూ చెప్పలేదంది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పింది. అప్పుడు కళ్ళు తుడుచుకుని, ఇన్నేళ్ళూ నల్లబల్ల నిండా రాసి ఆ సంఖ్యను తీశాను గాని అది ఎందుకలా ఉందో తన కళ్ళకు కనబడలేదని ఆయన నోటితో ఆయనే అన్నాడు.

నేను అడగలేదు. ఆయనే అన్నాడు, "వదినె, మార్కండేయ జయంతి నాడు మన నేతోళ్ల సమాజంల నాకు సన్మానం వెట్టుకున్నరు. ఆ దినం ఈ బిడ్డను పేరు వెట్టి స్టేజీ మీదికి పిలుస్త. ఇదే లెక్క అందరి ముందట దీనితోని చెప్పిస్త."

ఆ మాట మాకు ఎంత అవసరమో ఆయనకు తెలుసు. మౌనిక రైల్లో ఠాణే వెళ్ళి అక్కడి పెద్ద కాలేజీలో చేరి లెక్కలే చదువుతానంటోంది. నా కొడుకు ఇక్కడే కామర్స్‌లో వేస్తానంటున్నాడు. వాడు చెడ్డవాడు కాదు, రైళ్ళ రద్దీ అంటే భయం, పిల్లకు నిజంగా తెలివి ఉందో, ముసలిదాని గారాబమో తెలియక అనుమానం. "సారు నలుగుట్ల ఒక్కమాట చెప్పనియ్యి. నేనే తీస్కపోయి చేర్పిస్త" అన్నాడు. ఈ సంగతి సారుకు నేనే చెప్పాను. నాకు వదిలెయ్ వదినె అన్నాడు.

బాగున్న బట్టకు కత్తెర పెట్టినదాన్ని కాను ఎప్పుడూ. ఆ జయంతికి మాత్రం పెట్టెలోని నా పట్టుచీర కోయించి దానికి లంగా కుట్టించాను. సమాజం హాల్లో మూడో వరసలో కూర్చున్నాం, నేను, నా కొడుకు, మధ్యలో అది. పిలిస్తే వెంటనే లేవడానికి వీలుగా కుర్చీ అంచున కూర్చుంది. సారుకు శాలువా కప్పారు, దండ వేశారు, నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన నల్లబల్ల తెప్పించుకున్నాడు. జేబులోంచి సుద్దముక్క తీసి ఆ పెద్ద సంఖ్య రాశాడు. మధ్యలో గీత గీశాడు. ఇటు ఏడువందల ఇరవై, అటు ఏడువందల ఇరవై. వెయ్యిన్నొకటి సంగతి చెప్పాడు. పద్నాలుగుకు రెండు సంఖ్యలూ సాయం పడతాయన్న మాట కూడా అలాగే చెప్పాడు, మా పిల్ల మాటే, ఒక్క పొల్లు పోకుండా. హాలంతా నేతవాళ్ళే, బీములెరిగిన వాళ్ళే. చప్పట్లు ఆగలేదు. మైకు పట్టుకున్న కుర్రాడు, ఇది మీకెట్ల తట్టింది సార్ అని అడిగాడు.

సారు మా వరస వంక చూశాడు. చూశాడు, అది నేను ప్రమాణం చేసి చెబుతాను. తర్వాత మా తలల మీదుగా వెనక గోడ వంక చూశాడు.

"ఒకనాడు కార్ఖానాల రెండు బీములు పక్కపక్కన చూసిన. తట్టింది" అన్నాడు.

మళ్ళీ చప్పట్లు. నేను మౌనిక మొహం చూడలేదు, చేతులు చూశాను. లంగా అంచు పట్టుకుని ఉన్నాయి. నా కొడుకు వంగి నాతో మెల్లిగా అన్నాడు, "గిది మన పోరి కనిపెట్టిందన్నవు గదనే. సారు దగ్గర విని తనదని చెప్పుకున్నదా?"

కాదురా అన్నాను. హాల్లోనూ అన్నాను, దారిలోనూ అన్నాను, ఇంటికి వచ్చాకా అన్నాను. మనుమరాలిని వెనకేసుకొస్తున్నావన్నాడు. అంత పెద్దమనిషి, అన్నేళ్ళు పాఠం చెప్పినవాడు, పదో తరగతి పిల్ల లెక్క ఎత్తుకుంటాడా అన్నాడు. నువ్వు చెప్పవే అని దాన్నడిగాను. అది లంగా విప్పి మడత పెడుతోంది. "సారు చెప్పిండు గద బాపమ్మా, ఇంకేం చెప్పాలె" అంది. నా కొడుకుకు అదే ఒప్పుకోలు అయింది. పిల్లకు తెలివి లేదన్న బాధ కన్నా, అబద్ధమాడిందన్న బాధ వాడికి ఎక్కువైంది.

మర్నాడు పొద్దున నిజాంపురా వెళ్ళాను. ఆయన గది ముందు నిలబడితే, రా వదినె అని స్టూలు జరిపాడు. కూర్చోలేదు. శాలువా ఇంకా కుర్చీ మీద అలాగే ఉంది.

"ఎందుకు జేసినవు సారూ?"

ఆయన స్టూలు మళ్ళీ గోడకు జరిపాడు. ఆ తర్వాత అన్నాడు, "లెక్క ఎవ్వరిది గాదు వదినె. మనం పుట్టకముందు నుంచే ఆ సంఖ్య అట్లనే ఉన్నది. ఎక్కడనో ఎవలో ఎన్నడో చూసే ఉంటరు. నాది గాదు, బిడ్డది గాదు."

"ఎవ్వరిది గాకపోతె, తట్టింది అని ఎట్లన్నవు?"

ఈసారి ఆయన చెవి పట్టుకోలేదు, నవ్వలేదు. చివరికి, అందరూ ఒక్కసారి తన వంకే చూసేసరికి నోట్లోంచి వచ్చేసిందని, వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయానని అన్నాడు. సరే, మనిషన్నాక వస్తుంది. నేనూ అంత రాతిదాన్ని కాను. నాకు సమాజం అక్కర్లేదు, శాలువా అక్కర్లేదు, నా కొడుకు ముందుకొచ్చి ఒక్కమాట చెప్పు, పిల్ల అబద్ధమాడలేదని, అంతే చాలన్నాను.

"రేపు వస్త వదినె" అన్నాడు.

రాలేదు. ఆ ఆదివారం రాలేదు, పై ఆదివారమూ రాలేదు. పరీక్షలయ్యాయి, ఎండాకాలం పోయింది, కాలేజీలు తెరిచారు. స్టేజీ మీద అన్నమాట నోరు జారిందనుకోవచ్చు. మా ఇంటికి రాకపోవడం నోరు జారడం కాదు. కాళ్ళు జారలేదు కదా. ప్రతిరోజూ పొద్దున లేచి, ఇవాళ కూడా వెళ్ళను అని అనుకుంటేనే అది జరుగుతుంది. మౌనిక ఇక్కడే కామర్స్‌లో చేరింది. నేను ఆ స్టూలు తీసుకెళ్ళి కార్ఖానాలో పడేశాను.

తర్వాత దారిలో ఎదురైతే నేను పక్క సందులోకి తిరిగేదాన్ని. ఒకసారి కూరగాయల దగ్గర వదినె అని పిలిచాడు. ఉల్లిగడ్డలు తూకం వేయించుకుంటూ వినబడనట్టే ఉన్నాను. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. నాకున్న ఒక్క దోస్తు ఆయన. అది నేను ఎవరితోనూ అనలేదు. పిల్ల కోసం వదులుకున్నాను, వదులుకున్నాక తిరిగి చూడలేదు.

మౌనిక ఇప్పుడు అంజూర్ ఫాటాలో ఒక గోడౌను ఆఫీసులో పనిచేస్తోంది. రోజంతా పార్సిళ్ళ మీది పొడుగాటి నంబర్లు కంప్యూటర్లో ఎక్కించడమే పని. ఇంట్లో లెక్కల మాట ఎత్తదు. నేనూ ఎత్తను. సారు పేరు ఈ ఇంట్లో వినబడి ఏళ్ళయింది.

సారు పోయిన రోజు అది మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. వచ్చి గడప బయటే నిలబడింది. లోపలికి రావేమే అన్నాను.

"నీళ్ళు పొయ్యి బాపమ్మా" అంది.

శవాన్ని చూసి వచ్చినవాళ్ళు స్నానం చేయకుండా గడప దాటరు. ఆ ఒక్కమాటతో నాకు అర్థమైంది ఎక్కడినుంచి వస్తోందో. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఊరందరూ వెళ్ళారు, మర్యాదకు వెళ్ళిందేమో అనుకుందామంటే, మర్యాదకు వెళ్ళినవాళ్ళ కళ్ళు అలా ఉండవు. కాళ్ళ మీద నీళ్ళు పోశాను. స్నానం చేసి వచ్చి, తల ఆరబెట్టుకుంటూ నా ముందు కూర్చుని, అడగకుండానే చెప్పింది.

కాలేజీ రెండో ఏడాది నుంచి ఆయన దాన్ని కలుస్తూనే ఉన్నాడట. మొదట కాలేజీ గేటు దగ్గర, తర్వాత గోడౌను ఎదుటి చాయ బండి దగ్గర, శనివారం శనివారం. వచ్చేవాడట, ఒక కొత్త సంఖ్య తెచ్చేవాడట, ఇది పార్సిళ్ళ నంబర్లలో బాగున్నవి ఏరి ఉంచేదట. ఇద్దరూ లారీల మధ్య నిలబడి వాటిని విరుచుకునేవాళ్ళట.

"నీ దగ్గర తప్పు ఒప్పుకున్నడా?"

"మొదటి దినమే. నీది దోసుకున్న బిడ్డా అన్నడు."

"మీ నాయన దగ్గరికి రమ్మనలేదా?"

"వస్తనన్నడు. నేనే వద్దన్న. అప్పటికే కాలేజీల చేరిపోయిన, ఇంకేం లాభం?" అంది. తువ్వాలు పిండుతూ మెల్లిగా అంది, "నాతోని లెక్కలు మాట్లాడేటోడు ఆయనొక్కడే బాపమ్మా. కోపం వెట్టుకుంటె నాకెవ్వలుండిరి?"

నాకు మరి ఎవరున్నారే అని అడగాలనిపించింది. నా కోసం కాదు, దాని కోసం ఆయనకు తలుపు మూశాను. అది వెనక సందులోంచి ప్రతి వారం వెళ్ళి ఆయనతో చాయ తాగి వచ్చింది. వచ్చి నా ఎదుటే కూర్చుని అన్నం తింది. ఈ ఇంట్లో ఆ కోపాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నానని నాకు చెప్పాలని దానికీ తోచలేదు, ఆయనకూ తోచలేదు.

ఇంకా ఏదో చెప్పాలన్నట్టు కూర్చుంది. చెప్పమన్నాను.

"నీ గురించి అడిగేటోడు. వదినెకు ఇంక కోపమున్నదా అని. ఉన్నది సార్ అనేదాన్ని. ఉండనియ్యి బిడ్డా అనేటోడు. ఆ ఒక్కామె కోపం గిన తగ్గిందంటె, ఆ లెక్క నాదే అయిపోతది అనేటోడు."

పిల్ల ఆ మాట నాకు ఓదార్పుగా ఉంటుందని చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. నాకు ఓదార్పు కాలేదు. ఎంత తెలివైన మనిషి. తాను మోయవలసినదాన్ని నా నెత్తిన పెట్టి, అది పదిలంగా ఉందో లేదో వారం వారం మా పిల్లను అడిగి తెలుసుకుని, నిశ్చింతగా చాయ తాగి పోయాడు. ఆ చాయ బండి దాకా వచ్చిన కాళ్ళు మా గడప దాకా ఎందుకు రాలేదు?

పదో రోజు భోజనానికి పిలుపొచ్చింది. నా కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తయారు కాలేదేందని అడిగాడు. రాను అన్నాను. అంత గొప్ప లెక్క కనిపెట్టిన మనిషి, మన ఇంటి మనిషిలాంటివాడు, ఎప్పటిదో కోపం ఇప్పుడెందుకన్నాడు.

"ఆ లెక్క నీ బిడ్డది" అన్నాను.

మౌనిక తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటోంది. ఇప్పుడు ఒక్కమాట అనొచ్చు. అవును నాన్నా అని, అంతే. ఎవరి పరువూ పోదు, ఆయన పోనే పోయాడు. నేను దాని వంక చూశాను. అది వంగి చెప్పు పట్టీ పెట్టుకుంటూనే ఉంది.

"మళ్ల షురూ జేసినవా అమ్మా" అన్నాడు నా కొడుకు. పిల్ల తండ్రి వెనకే మెట్లు దిగింది. మళ్ళీ మొదలుపెట్టడానికి, నేను ఆపింది ఎప్పుడు?